లెగ్ డే తర్వాత ఎస్‌జీఓటీ 98: తప్పు వే ప్రొటీన్‌దేనా?

ఓరుగల్లు కోచ్

మా జిమ్‌కి వచ్చే ఒకాయన రిపోర్టు గురించి అడుగుతున్నాను. ఆయన సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నా. వయసు 38, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం, మందు అలవాటు లేదు. మూడు నెలల గ్యాప్ తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. శనివారం సాయంత్రం స్క్వాట్స్, లంజెస్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ లాంటి కాళ్ళ వ్యాయామాలు (లెగ్ డే) గట్టిగా చేశారు. సోమవారం పొద్దున ఆఫీసు తరఫున హెల్త్ చెకప్‌కి రక్తం ఇచ్చారు.

లివర్ పరీక్షలో చూసే ఎంజైములు ఎస్‌జీఓటీ 98, ఎస్‌జీపీటీ 76, జీజీటీ 24, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 82, టోటల్ బిలిరుబిన్ (కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) 0.9, ఆల్బుమిన్ 4.5, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, క్రియాటినిన్ 1.3. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని రాశారు.

తీసుకునేవి: వే ప్రొటీన్ పౌడర్ రోజుకి 2 స్కూపులు, క్రియాటిన్ 5 గ్రాములు, ఇంకా ఎవరో ఇచ్చిన "ఫ్యాట్ బర్నర్" క్యాప్సూల్ ఒకటి.

ఇంట్లో వాళ్ళు "పౌడర్ వల్లే లివర్ పాడైంది, జిమ్ మానెయ్" అంటున్నారు. నా ప్రశ్నలు మూడు. ఈ అంకెలు లివర్‌వా, కండరాలవా? మళ్ళీ టెస్ట్ ఎప్పుడు, ఎలా చేయించాలి? ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళు వే ప్రొటీన్ తాగొచ్చా, బరువులు ఎత్తొచ్చా?

సీరమ్ బెంచ్ (ల్యాబ్, బయోకెమిస్ట్రీ)

మొదటి రెండు ప్రశ్నలు నేను తీసుకుంటాను.

ఎస్‌జీఓటీ లివర్‌లో ఎంత ఉంటుందో కండరాల్లో, గుండెలో, ఎర్ర రక్తకణాల్లో కూడా బాగానే ఉంటుంది. ఎస్‌జీపీటీ ఎక్కువగా లివర్‌దే అయినా కండరాల్లోనూ కొంత ఉంటుంది. తొడ కండరాలు శరీరంలో అన్నిటికన్నా పెద్దవి. గ్యాప్ తర్వాత వాటికి ఒక్కసారిగా పని పెడితే కణాల పొరలు చిట్లి ఈ రెండు ఎంజైములూ రక్తంలోకి వస్తాయి. జీజీటీ మాత్రం కండరాల నుంచి రాదు. మీరిచ్చిన రిపోర్టులో ఎస్‌జీఓటీ రెండింతలు దాటినా జీజీటీ 24 దగ్గరే ఉంది, బిలిరుబిన్ కదల్లేదు, ఆల్బుమిన్ బాగుంది. చూడగానే అనుమానం కండరాల మీదికే పోతుంది.

2008లో ఒక క్లినికల్ ఫార్మకాలజీ పత్రికలో దీని మీదే ఒక అధ్యయనం వచ్చింది. బరువులు ఎత్తే అలవాటు లేని 15 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళతో ఒక్క గంట వెయిట్ ట్రైనింగ్ చేయించి రక్తం చూస్తూ పోయారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము), ఎల్‌డీహెచ్ (కణాలు చిట్లితే బయటికొచ్చే ఇంకో ఎంజైము) పెరిగి కనీసం 7 రోజులు అలాగే ఉన్నాయి. జీజీటీ, బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. అంటే ఒక్క వర్కౌట్‌కి వారం రోజుల పాటు రిపోర్టు తప్పుదోవ పట్టించగలదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఎస్‌జీపీటీ కన్నా ఎస్‌జీఓటీ ఎక్కువగా ఉంటే మందు తాగే అలవాటు ఉందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. కండరాల దెబ్బ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. మందు వల్ల అయితే చాలాసార్లు జీజీటీ, ఎర్ర రక్తకణాల సైజు కూడా పెరిగి ఉంటాయి. అవి రెండూ చూడకుండా ఎవరి మీదా ఆ ముద్ర వేయకూడదు.

రక్తం ఏ రోజు ఇచ్చారన్నదీ ముఖ్యమే. రక్తంలో ఎస్‌జీఓటీ సగానికి తగ్గడానికి దాదాపు 17 గంటలు పడుతుంది, ఎస్‌జీపీటీకి దాదాపు 47 గంటలు. కాబట్టి వర్కౌట్ తర్వాత మొదటి రోజుల్లో ఎస్‌జీఓటీ పైన ఉంటుంది. ఆ తర్వాత అది ముందుగా దిగి ఎస్‌జీపీటీ మిగులుతుంది. అప్పుడు చూసినవాళ్ళకి అది ఫ్యాటీ లివర్ రిపోర్టులా కనిపిస్తుంది. మనిషి అదే, కారణం అదే, రోజు మారింది.

ఇప్పుడు చేయాల్సింది: ముందు ల్యాబ్‌కి ఫోన్ చేసి పాత శాంపిల్ ఇంకా ఉందేమో అడగండి. ఉంటే దాని మీదే సీపీకే వేయమనండి. ఫ్రిజ్‌లో పెట్టిన సీరమ్‌లో సీపీకే కొన్ని రోజులు నిలుస్తుంది కాబట్టి మళ్ళీ సూది అక్కర్లేదు. సీపీకే మగవాళ్ళలో సాధారణంగా 200 నుంచి 300 లోపు ఉంటుంది. వేలల్లో వస్తే మిగతా అంకెలకి అర్థం దొరికినట్టే.

మళ్ళీ పరీక్షకి ముందు 7 నుంచి 10 రోజులు బరువులు, పరుగు, క్రికెట్, ఫుట్‌బాల్ ఏవీ వద్దు. మామూలు నడక పర్వాలేదు. కండకి వేసే ఇంజెక్షన్ కూడా సీపీకేని పెంచుతుంది, అదీ గుర్తుంచుకోండి. ఈ పది రోజులూ మామూలు వే ప్రొటీన్ ఆపొద్దు. వర్కౌట్, వే రెండూ ఒకేసారి ఆపేస్తే, అంకెలు తగ్గినప్పుడు ఏది ఆపడం వల్ల తగ్గాయో ఎవరూ చెప్పలేరు. బరువులు మాత్రమే ఆపి, వే తాగుతూ ఉండగా ఎంజైములు దిగితే ఆ డబ్బా మీద నింద పోతుంది. ఫ్యాట్ బర్నర్ సంగతి వేరు. అది ఈరోజే ఆపించండి, ప్రయోగాల కోసం కూడా ఉంచొద్దు.

పరీక్షల జాబితా: లివర్ ఫంక్షన్ టెస్ట్ జీజీటీతో కలిపి, సీపీకే, ప్లేట్‌లెట్లు, హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ బి, సి పరీక్షలు), పరగడుపున షుగర్, లిపిడ్ ప్రొఫైల్, టీఎస్‌హెచ్. థైరాయిడ్ తగ్గినా సీపీకే పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడుతుంటే అదీ ల్యాబ్‌కి, డాక్టర్‌కి చెప్పాలి.

క్రియాటినిన్ 1.3 చూసి కిడ్నీ భయం పెట్టుకోకండి. క్రియాటిన్ పౌడర్ తాగితే, కండ ఎక్కువగా ఉంటే ఆ అంకె కొంచెం పైనే ఉంటుంది. సందేహంగా ఉంటే సిస్టాటిన్ సి అనే, కండ మీద అంతగా ఆధారపడని కిడ్నీ రక్తపరీక్ష చేయిస్తే తేలుతుంది.

ఓరుగల్లు కోచ్

శాంపిల్ ఉంది. సీపీకే వేయించాం: 3,860.

సీరమ్ బెంచ్

అయితే ఎస్‌జీఓటీలో చాలా భాగం తొడల నుంచి వచ్చిందే. పది రోజులు ఆగండి. ఈలోపు మూత్రం కోకాకోలా రంగులోకి మారినా, తొడలు బిగుసుకుపోయి వాచినా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అది కండరాలు కరిగిపోతున్న స్థితి, కిడ్నీల మీద పడుతుంది. అక్కడ ఒక తేలికైన గుర్తు: మూత్రం స్ట్రిప్ మీద రక్తం పాజిటివ్ చూపించి, మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు కనబడకపోతే అది కండరాల నుంచి వచ్చిన మయోగ్లోబిన్ అనే ప్రొటీన్. కామెర్లలోనూ మూత్రం ముదురుగానే వస్తుంది కానీ అప్పుడు స్ట్రిప్ మీద బిలిరుబిన్ పాజిటివ్ వస్తుంది, కళ్ళూ పచ్చబడతాయి.

శాంతి నిలయం

ఇంత తతంగం దేనికండీ? పౌడర్ మానేసి, జిమ్ మానేసి, ఇంటి భోజనం తింటే లివర్ అదే బాగవుతుంది. రిస్క్ ఎందుకు తీసుకోవాలి?

కందిపప్పు డైటీషియన్

శాంతి నిలయం గారూ, మీ ఆందోళన అర్థమైంది. కానీ ఆయనకి స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ కనిపించింది. లివర్‌లో దాదాపు 20 శాతం పైన కొవ్వు చేరితే గానీ మామూలు అల్ట్రాసౌండ్ దాన్ని సరిగా పట్టుకోలేదు. అంటే అక్కడ నిజంగానే పని ఉంది. ఆ కొవ్వు మీద పనిచేసే వాటిలో బరువుల వ్యాయామం ఒకటి. ఆపమంటే వైద్యం ఆపినట్టే.

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు 2011లో దీన్ని చూపించారు. ఫ్యాటీ లివర్ ఉండి, వ్యాయామం అలవాటు లేని 19 మందిని తీసుకున్నారు. అందులో కొందరికి 8 వారాలు, వారానికి 3 రోజులు బరువుల సర్క్యూట్ చేయించారు. శరీర బరువు తగ్గకపోయినా లివర్ కొవ్వు అంతకుముందున్న దానిలో 13 శాతం తగ్గింది. పెద్ద మార్పేమీ కాదు, నిజమే. కానీ బరువు కదలకుండానే జరిగింది కదా. కండరం గ్లూకోజ్‌ని పీల్చుకోవడం మెరుగైతే ఆ పిండిపదార్థం లివర్ దాకా వెళ్ళి కొవ్వుగా మారడం తగ్గుతుంది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఎక్కువ నడవలేని వాళ్ళకి ఇది మంచి దారి.

పెద్ద మార్పు బరువు తగ్గితేనే వస్తుంది. 3 నుంచి 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్‌లో వాపు కూడా దిగుతుంది. ఈయన 84 కిలోల్లో 7 శాతం అంటే దాదాపు 6 కిలోలు. ఆరు నెలల్లో చేరుకోదగ్గ లెక్కే. బరువు తగ్గే ఆ కాలంలో బరువులు ఎత్తకుండా, ప్రొటీన్ తగ్గించి తింటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. అదే మనకి వద్దు.

ఇక వే. వే అంటే పాలు విరిగినప్పుడు మిగిలే తేటలోని ప్రొటీన్, అంతే. ఆరోగ్యంగా ఉన్న లివర్ ప్రొటీన్‌లోని నత్రజనిని యూరియాగా మార్చి పంపేస్తుంది, అది దాని రోజువారీ పని. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో బరువులెత్తే అలవాటున్న 14 మంది మగవాళ్ళు ఏడాది పాటు కిలోకి 2.5 నుంచి 3.3 గ్రాముల దాకా ప్రొటీన్ తిన్నారు. వాళ్ళ లివర్, కిడ్నీ పరీక్షల్లో చెడు మార్పు రాలేదు. 14 మందే కాబట్టి దాన్ని పట్టుకుని అందరూ అంత తినండి అనను. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళకి 6 వారాలు ఎక్కువ ప్రొటీన్ ఆహారం, అదే కేలరీలతో, పెట్టి చూసిన జర్మన్ అధ్యయనంలో లివర్ కొవ్వు మూడో వంతు పైనే తగ్గింది. మాంసం, పాలతో పెట్టినా, బఠాణీ లాంటి మొక్కల ప్రొటీన్‌తో పెట్టినా తగ్గింది.

ఎంత కావాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి కిలోకి 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి కూడా 1.6 దాటితే కండ అదనంగా పెరగదని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో రాసింది. అసలు ఆహారం నుంచే తెచ్చుకోండి, పౌడర్లు వద్దు అన్నది వాళ్ళ సలహా. ఈయనకి ఇప్పటి బరువు మీద కాకుండా, చివరికి చేరాల్సిన 74 కిలోల మీద లెక్క కట్టండి: 74 ఇంటూ 1.6, దాదాపు 118 గ్రాములు.

మన వంటింట్లో అది ఇలా వస్తుంది. కోడిగుడ్లు 3, 18 గ్రాములు. పచ్చి చికెన్ 150 గ్రాములు, 33. కందిపప్పు రోజు మొత్తానికి పచ్చిది 60 గ్రాములు, 13. పెరుగు 200 గ్రాములు, 7. పొడి మీల్ మేకర్ 30 గ్రాములు, 15. ఉడికించిన శనగలు, పచ్చివి తూస్తే 30 గ్రాములు, 6. అన్నం, ఇడ్లీ, చపాతీల నుంచి 13, 14 అనుకోండి. మొత్తం 105 దాకా వచ్చింది. ఒక స్కూపులో 24 గ్రాములు. కాబట్టి ఒక్క స్కూపు చాలు, చికెన్ 200 గ్రాములు తిన్న రోజు అదీ అక్కర్లేదు. రెండో స్కూపు ఆయనకి చెడు చేస్తుందని కాదు, డబ్బు దండగ. పప్పు వండేటప్పుడు నీళ్ళు ఎక్కువ పోసి పలుచగా చేస్తే గిన్నెడు తిన్నా 3, 4 గ్రాములకి మించదు, అందుకే పచ్చిపప్పు తూచుకోమంటున్నాను.

కోచ్ గారూ, మీరు నిజంగా చూడాల్సింది బరువు పెరగడానికి అమ్మే మాస్ గెయినర్ డబ్బాలని. 100 గ్రాముల గెయినర్‌లో సాధారణంగా 60 నుంచి 75 గ్రాములు పిండిపదార్థమే, అందులో ఎక్కువ మాల్టోడెక్స్ట్రిన్ అనే, త్వరగా షుగర్‌గా మారే పొడి. పాలు, అరటిపండు, పంచదార వేసి రోజుకి రెండుసార్లు తాగితే 700 కేలరీలకి పైనే అదనం. సన్నగా ఉన్న కుర్రాడి పొట్ట మాత్రం పెరగడం, లివర్‌లో కొవ్వు చేరడం అక్కడ మొదలవుతుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకి గెయినర్ పూర్తిగా బంద్. జ్యూసులు, కూల్‌డ్రింకులు కూడా.

కాలేయం క్లినిక్

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. "కండరాలదేలే" అన్న మాట అలవాటైతే నిజమైన లివర్ దెబ్బ చేజారిపోతుంది. జిమ్‌కి వెళ్ళేవాళ్ళలో ఆ దెబ్బ వే నుంచి కాదు, దాని పక్కన ఉన్న డబ్బాల నుంచి వస్తుంది.

ఫ్యాట్ బర్నర్ లేబుల్ ఫొటో తీసి ఒక్కో పదార్థం చదవండి. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ఉందా? అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు దాటితే ఎంజైములు పెరుగుతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. కొందరికి జన్యువుల వల్ల అంతకన్నా తక్కువకే హెపటైటిస్ వస్తుంది. కప్పులో తాగే గ్రీన్ టీకి ఈ భయం లేదు. గార్సీనియా, అశ్వగంధ, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్ళు, తిప్పతీగ, వీటన్నిటి వల్లా లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కూరలో వేసే పసుపు గురించి కాదు నేను చెప్పేది, శరీరంలోకి ఎన్నో రెట్లు ఎక్కేలా తయారుచేసిన గాఢమైన సారం గురించి. అశ్వగంధ దెబ్బ సాధారణంగా 2 నుంచి 12 వారాల్లో, దురదతో కూడిన కామెర్లుగా వస్తుంది.

రెండోది స్టెరాయిడ్ మాత్రలు. స్టానోజోలాల్, మెథాండియెనోన్, ఆక్సాండ్రోలోన్ లాంటివి. ఇక్కడ ఎంజైములు మోసం చేస్తాయి: ఎస్‌జీపీటీ కాస్తే పెరిగి, బిలిరుబిన్ మాత్రం 10, 20 దాకా పోతుంది. రాత్రంతా గోకుడు. మాత్ర ఆపాక కూడా వారాలు, నెలలు పడుతుంది. కుర్రాళ్ళు అడిగితే చెప్పరు. లిపిడ్ ప్రొఫైల్ చెబుతుంది: హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) ఒక్కసారిగా 20 కిందికి పడిపోయి, హిమోగ్లోబిన్ పెరిగి ఉంటే నేరుగా అడగండి, తిట్టకుండా అడగండి. ఇంజెక్షన్లు వేసుకునేవాళ్ళకి హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరి. ఒకే సూది ఇద్దరు వాడారా అన్నది కూడా కనుక్కోండి.

మూడోది, వే డబ్బా అసలుదేనా? 2024లో కేరళ హెపటాలజిస్ట్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం మన దేశంలో అమ్మే 36 ప్రొటీన్ పౌడర్లని పరీక్ష చేయించింది. 25 డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రొటీన్ అంకె తప్పు. దాదాపు 14 శాతంలో అఫ్లాటాక్సిన్, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు దొరికాయి. అఫ్లాటాక్సిన్ అంటే బూజుపట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో పుట్టే విషం, లివర్ క్యాన్సర్ తెచ్చేది. కాబట్టి ఇంట్లోవాళ్ళ భయం పూర్తిగా ఉత్తదని కొట్టిపారేయకండి.

కొనేటప్పుడు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, విదేశీ డబ్బా అయితే దిగుమతిదారు స్టిక్కర్, బ్యాచ్ నంబరుకి విడిగా ల్యాబ్ రిపోర్టు ఉన్నాయో లేదో చూడండి. అమైనో ఆమ్లాల పట్టికలో 25 గ్రాముల ప్రొటీన్‌కి ల్యూసిన్ దాదాపు 2.5 గ్రాములు ఉండాలి. చాలా తక్కువగా ఉండి గ్లైసిన్, టారిన్ విడిగా కలిపినట్టు రాసి ఉంటే, చవక నత్రజని పోసి అంకె పెంచారన్నమాట. మామూలు ప్రొటీన్ పరీక్ష నత్రజనిని కొలిచి గుణించేదే కాబట్టి ఆ మోసాన్ని పట్టుకోలేదు. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి మూలికల గ్రాములు దాచిన డబ్బా ఎంత పేరున్నదైనా వద్దు.

ఆగకుండా డాక్టర్ దగ్గరికి పంపాల్సిన రిపోర్టు ఇది: ఎస్‌జీపీటీ మామూలు హద్దుకి 3 రెట్లు దాటి, బిలిరుబిన్ 2 రెట్లు దాటడం. రెండూ కలిస్తే ప్రమాదం. బిలిరుబిన్ ఒక్కటే 1.5, 2 ఉండి, అదీ ఇన్‌డైరెక్ట్ రకమే అయి, మిగతావన్నీ బాగుంటే చాలావరకు గిల్బర్ట్ అనే, పుట్టుకతో వచ్చే హానిలేని తేడా. ఉపవాసాలు, ఒళ్ళు తగ్గించే కటింగ్ డైట్లు చేసేవాళ్ళలో ఇది బయటపడుతుంది, దానికి మందు అక్కర్లేదు.

ఓరుగల్లు కోచ్

పది రోజుల తర్వాతి రిపోర్టు వచ్చింది. ఒక స్కూపు వే కొనసాగించాం, ఫ్యాట్ బర్నర్ ఆపేశాం, బరువులు లేవు. ఎస్‌జీఓటీ 30, ఎస్‌జీపీటీ 44, జీజీటీ 23, సీపీకే 190, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. హెపటైటిస్ బి, సి నెగటివ్. ల్యాబ్ షీటులో ఎస్‌జీపీటీ 50 దాకా నార్మల్ అని ఉంది. అయితే ఇక పర్వాలేదనుకోవచ్చా?

కాలేయం క్లినిక్

షీటులో 50 అని ఉన్నా, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళలో ఎస్‌జీపీటీ 33 దాటకూడదని అమెరికన్ గ్యాస్ట్రో వైద్యుల మార్గదర్శకం. ఆడవాళ్ళకి 25. కాబట్టి ఎస్‌జీఓటీ 98 కండరాలది, ఈ 44 లివర్ కొవ్వుది. రెండూ నిజాలే.

లివర్‌లో మచ్చ కట్టడం మొదలైందా అన్నదానికి ఫిబ్-4 లెక్క వేయండి: వయసుని ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని, ప్లేట్‌లెట్లని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణిస్తే వచ్చే అంకెతో భాగించాలి. ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు అంటే లెక్కలో 240. ఇప్పటి అంకెలతో 0.72 వస్తుంది. 1.3 కన్నా తక్కువ, మంచిది. ఇదే లెక్క లెగ్ డే తర్వాతి రిపోర్టుతో వేస్తే 1.78 వచ్చేది, లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌కి అనవసరంగా పరుగెత్తేవాళ్ళు. అందుకే ఈ లెక్క ఎప్పుడూ విశ్రాంతి రిపోర్టు మీదే వేయాలి. ఆరు నెలలకి మళ్ళీ చూడండి, షుగర్, ట్రైగ్లిజరైడ్లు కూడా కలిపి.

కందిపప్పు డైటీషియన్

తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదటి వారం ఒక్కో వ్యాయామానికి 1, 2 సెట్లే. బరువు, ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠంలో 50 శాతం. ఏడెనిమిది వారాల్లో 70 శాతానికి తీసుకెళ్ళండి. వారానికి 3 రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్, మిగతా రోజుల్లో నడక మొత్తం 150 నిమిషాలు. లంజెస్, బరువుని మెల్లగా కిందికి దించే పని, ఇవే కండరాన్ని ఎక్కువ చీలుస్తాయి కాబట్టి వాటిని చివర కలపండి. అదే వర్కౌట్ రెండోసారి చేసినప్పుడు సీపీకే మొదటిసారంత పెరగదు, శరీరం సర్దుకుంటుంది.

గోదారి గట్టు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ఉన్న 56 ఏళ్ళ బంధువుకి ఇంట్లో పథ్యం అని మజ్జిగన్నం ఒక్కటే పెడుతున్నారు. పప్పు, గుడ్డు, పౌడర్ అన్నీ బంద్. చేతులు, తొడలు సన్నబడిపోయాయి. ఇది సరైనదేనా?

కాలేయం క్లినిక్

కాదు. సిరోసిస్‌లో లివర్ చేయాల్సిన పనిలో కొంత కండరం చేస్తుంది. రక్తంలోని అమ్మోనియాని అది కూడా పట్టుకుంటుంది. కండ కరిగితే మత్తు, తికమక ఇంకా పెరుగుతాయి. కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలి, 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. మత్తు వచ్చి తగ్గినవాళ్ళకి కూడా ప్రొటీన్ ఆపకూడదు. పప్పు, పెరుగు, గుడ్డు వైపు మొగ్గితే వాళ్ళకి బాగా సరిపడుతుంది, విరేచనం రోజుకి రెండు మూడుసార్లు అయ్యేలా డాక్టర్ ఇచ్చిన లాక్టులోజ్ సిరప్ సాగాలి. పొట్టలో నీరు ఉంటే ఉప్పు తగ్గించాలి, మజ్జిగలో, పచ్చళ్ళలో వేసేది కూడా లెక్కే. అందరూ వదిలేసేది రాత్రి పడుకునే ముందు తినేది: ఒక గ్లాసు పాలు, రెండు చపాతీలో లేక ఒక గిన్నె ఉప్మానో. రాత్రి పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉంటే వాళ్ళ శరీరం కండనే కరిగించుకుంటుంది.

బరువులు ఎత్తడానికి ముందు ఎండోస్కోపీ చూడాలి. అన్నవాహికలో పెద్ద వేరిసెస్ (ఉబ్బిన రక్తనాళాలు) ఉంటే ఊపిరి బిగబట్టి ఎత్తే బరువులు వద్దు, ఆ ఒత్తిడి రక్తనాళాల మీద పడుతుంది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు చొప్పున రెండు సెట్లు, రబ్బరు బ్యాండుతో చేతులు లాగడం, ఊపిరి వదులుతూ చేయాలి, వారానికి మూడు రోజులు. పొట్టలో నీరు ఎక్కువగా ఉన్నా, బొడ్డు దగ్గర హెర్నియా ఉన్నా కూర్చుని చేసేవే చేయించండి.